అయినవారి ముఖాన్ని ఫోటో చూసి గీయడం ఎలా?

మన ఇళ్ళల్లో గోడ మీద ఒక పటమైనా ఉంటుంది. తాతగారిదో, ముత్తవ్వదో, చిన్న వయసులోనే పోయిన మేనమామదో. దండ వేసి, బొట్టు పెట్టి ఉంటుంది. అటువంటి పటాల్లో చాలా వాటికి మూలం బొటనవేలంత ఫోటో. ఒకప్పుడు స్టూడియోల వాళ్ళు ఆ చిన్న ఫోటోను పెద్దది చేసి, మసకబారిన చోట కుంచెతో టచింగ్ చేసి, పటం కట్టించి ఇచ్చేవారు. రాజా రవివర్మ అంతటివాడు సైతం ఫోటోలు ముందు పెట్టుకొని కొన్ని చిత్తరువులు వేశాడు. అంచేత ఫోటో చూసి గీయడం చిన్నతనమేమీ కాదు.

అయితే మనలో ఎక్కువమంది "అబ్బే, నాకు బొమ్మలు రావండీ" అని తప్పించుకుంటారు. సైన్సు విద్యార్థిగా నేను చెప్పదలచుకొన్నది ఒక్కటే. ఈ పనిలో ముప్పాతిక వంతు కొలత, కొంచెం భౌతికశాస్త్రం, మరికొంచెం మనస్తత్వశాస్త్రం. ఇవి ఎవరైనా నేర్చుకోవచ్చు. మిగిలిన పాతిక వంతు మాత్రం స్కేలుకు అందదు. ఈ వ్యాసంలో ముందు కొలిచేదాని గురించి, తర్వాత కొలతకందని దాని గురించి చెబుతాను.

చుక్కల ముగ్గూ, గళ్ళ పద్ధతీ

సంక్రాంతి నెలలో మన అమ్మలు, అక్కలు నోటుబుక్కులో ఉన్న అరచేయంత ముగ్గును వాకిలంతా పరిచి పెడతారు. వాళ్ళకు ఎవరూ జామెట్రీ చెప్పలేదు. చుక్కలు లెక్కపెట్టి, ఏ చుక్క పక్క నుంచి గీత పోతోందో చూసి, అదే వరసలో నేల మీద వేస్తారు. ఫోటోను పెద్దది చేసే గళ్ళ పద్ధతి కూడా సరిగ్గా ఇదే. ప్రాచీన ఈజిప్టు చిత్రకారులు సమాధుల గోడల మీద ఎర్రగీతలతో గళ్ళు వేసుకొనే బొమ్మలు దించారు. 16వ శతాబ్దంలో జర్మనీ చిత్రకారుడు ద్యూరర్ దారాలు కట్టిన చట్రంలోంచి మనిషిని చూస్తూ గీయడాన్ని బొమ్మ వేసి మరీ చూపించాడు. మన కాలంలో అమెరికా చిత్రకారుడు చక్ క్లోజ్ (1940–2021) ఫోటోల మీద గళ్ళు గీసుకొని, మనిషికంటే ఎత్తైన ముఖచిత్రాలు వేసి పేరు తెచ్చుకొన్నాడు.

ఒక లెక్క చూద్దాం. పాస్‌పోర్టు సైజు ఫోటో అడ్డం 35 మిల్లీమీటర్లు, నిలువు 45 మిల్లీమీటర్లు. దానికి 5 మిల్లీమీటర్ల గళ్ళు వేస్తే అడ్డంగా 7, నిలువుగా 9, మొత్తం 63 గళ్ళు వస్తాయి. డ్రాయింగు కాగితం మీద 25 మిల్లీమీటర్ల గళ్ళు వేసుకొంటే బొమ్మ 17.5 సెంటీమీటర్ల వెడల్పు, 22.5 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. పటం కట్టించడానికి ఇది చక్కని సైజు. కళ్ళు, ముక్కు, నోరు ఉన్న గళ్ళను మళ్ళీ నాలుగేసి చిన్న గళ్ళుగా విడగొట్టుకోవాలి. మిగతా చోట అంత అవసరం లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. అసలు ఫోటో మీద ఎప్పుడూ గీతలు గీయవద్దు. ఆ మనిషిది మళ్ళీ ఇంకో ఫోటో ఉండకపోవచ్చు. ఫోటో మీద పల్చని ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీద సన్నని మార్కరు పెన్నుతో గళ్ళు వేసుకోవాలి. లేదా సెల్‌ఫోనుతో తిన్నగా పైనుంచి ఫోటో తీసి, ప్రింటు వేయించుకొని, దాని మీద గీసుకోవచ్చు. ఫోను వాలుగా పట్టుకొంటే చతురస్రం కాస్తా కోలగా పడుతుంది. ముఖమూ అలాగే సాగుతుంది.

గళ్ళతో పాటు ఇంకొక ఆధారం కూడా పెట్టుకోవాలి. చేను కొలిచే సర్వేయరు మధ్యగా ఒక గీత పెట్టుకొని, దాని నుంచి గట్టు వంపులకు అడ్డకొలతలు తీస్తాడు. అలాగే ముఖంలో నుదుటి మధ్య నుంచి గడ్డం మధ్యకు ఒక గీత, రెండు కనుపాపల గుండా ఒక అడ్డగీత ఊహించుకోండి. తల ఏమాత్రం పక్కకు వాలినా ఈ రెండు గీతలూ కలిసి వాలతాయి. అది పట్టుకోకపోతే ఎంత బాగా గీసినా ముఖం వంకరగా కనబడుతుంది.

ఎంత తేడా వస్తే మనిషి మారిపోతాడు? పెద్దవాళ్ళ కనుపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. పాస్‌పోర్టు ఫోటోలో అది సుమారు 9 మిల్లీమీటర్లు. మన బొమ్మలో 45 మిల్లీమీటర్లు. ఒక కన్ను 2 మిల్లీమీటర్లు పక్కకు జరిగిందనుకోండి. అది నూటికి నాలుగు పాళ్ళు దాటిన తేడా. ఆ మాత్రానికే ఇంట్లోవాళ్ళు "ఏదో తేడాగా ఉందిరా" అనేస్తారు. తేడా ఎక్కడో వాళ్ళు చెప్పలేరు గానీ, ఉందని మాత్రం ఇట్టే కనిపెడతారు.

తలకిందులు చేస్తే మేలు

ఇంట్లోవాళ్ళు అలా ఇట్టే కనిపెట్టడానికి కారణం మన మెదడు. ముఖాన్ని అది ముక్కలు ముక్కలుగా చూడదు, ఒక్క చూపులో మొత్తంగా గుర్తు పడుతుంది. గుర్తు పట్టడానికి అది వరమే. గీయడానికి మాత్రం అడ్డం. రష్యను శాస్త్రజ్ఞుడు యార్బస్ మనుషులు బొమ్మలు చూసేటప్పుడు వాళ్ళ కళ్ళు ఎటు కదులుతున్నాయో నమోదు చేశాడు. ముఖం చూసేటప్పుడు మన చూపు ఎక్కువసేపు కళ్ళ మీదా నోటి మీదా నిలుస్తుందని తేలింది. నుదురు, చెంపలు, గడ్డం కింద భాగం మనం చూసీ చూడనట్టే పోతాం. అందుకే కొత్తగా గీసేవాళ్ళు కళ్ళు పెద్దవిగా, నుదురు చిన్నదిగా, కళ్ళను తలలో మరీ పైకి పెట్టి గీస్తారు. నిజానికి నడినెత్తి నుంచి గడ్డం చివరకు కొలిస్తే కళ్ళు దాదాపు సగంలో ఉంటాయి. నమ్మకం లేకపోతే పక్కవాడి ముఖం స్కేలుతో కొలిచి చూడండి.

1980లో బ్రిటిషు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పీటర్ థాంప్సన్ ఒక తమాషా ప్రయోగం ప్రచురించాడు. మార్గరెట్ థాచర్ ఫోటోలో కళ్ళూ నోరూ మాత్రం కోసి తిరగేసి అంటించాడు. ఫోటో తలకిందులుగా ఉన్నంతసేపూ చూసేవాళ్ళకు పెద్ద తేడా తెలియదు. నిటారుగా తిప్పగానే భయంకరంగా కనబడుతుంది. అంటే తలకిందులైన ముఖాన్ని మన మెదడు ముఖంగా చదవలేకపోతోందన్నమాట.

దీన్ని మనం లాభానికి వాడుకోవచ్చు. ఫోటోనూ కాగితాన్నీ రెండింటినీ తలకిందులుగా పెట్టి గీయండి. అప్పుడు "ఇది కన్ను, కన్ను ఇలా ఉండాలి" అని మెదడు చెప్పే పాఠం ఆగిపోయి, ఈ గడిలో ఈ నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందన్నదే కనబడుతుంది. అయినవాళ్ళ ముఖం గీసేటప్పుడు దీనివల్ల ఇంకో ఉపకారం ఉంది. తెలిసిన ముఖం, అందులోనూ ఇక కనబడని ముఖం ఎదురుగా పెట్టుకొని కూర్చుంటే మనసు చెదురుతుంది, చెయ్యి ఆగిపోతుంది. తలకిందులుగా ఉంటే కనీసం గంటసేపు అది వెలుగునీడల పటంలా ఉంటుంది, పని సాగుతుంది.

వెలుగు, నీడ, పెన్సిలు

ముఖం మీద నిజానికి గీతలంటూ ఉండవు. ఉన్నవి వెలుగు, నీడ. నున్నగా మెరవని ఉపరితలం మీద కాంతి తిన్నగా పడితే వెలుగు ఎక్కువ, వాలుగా పడితే తక్కువ. ఆ తగ్గుదల వాలు కోణపు కొసైను ప్రకారం ఉంటుందని మనం ప్రాక్టికల్సులో చదువుకొన్నదే. 60 డిగ్రీల వాలు వస్తే వెలుగు సగం. చర్మం సరిగ్గా అలాంటి ఉపరితలం కాకపోయినా, కొంతవరకు ఇదే లెక్క. అందుకే కిటికీ పక్కన తీసిన ఫోటోలో చెంప గుండ్రంగా కనబడుతుంది. ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసిన ఫోటోలో వెలుగు అన్నిచోట్లా దాదాపు ఒకేలా పడి, ముక్కు దూలం, చెంపల ఎముక సమమైపోతాయి. గుర్తింపు కార్డుల ఫోటోల్లో మనమంతా అప్పడాల్లా ఉండటానికి కారణం ఇదే.

కాబట్టి మొదలుపెట్టే ముందు కళ్ళు సగం మూసి ఫోటోను చూడండి. వివరాలు పోయి నాలుగైదు వెలుగు మెట్లు మిగులుతాయి. వాటిని ఒక చిన్న కాగితం ముక్క మీద తెలుపు నుంచి నలుపు దాకా ఐదు గళ్ళలో వేసుకొని పక్కన పెట్టుకోండి. ముఖంలో ఏ భాగం ఏ మెట్టులో పడుతుందో దీనితో పోల్చుకోవాలి. నల్లని జుట్టు పక్కన ఉన్న చెంప ఉన్నదానికన్నా తెల్లగా కనిపించి మోసగిస్తుంది. నల్లకాగితానికి రెండు మిల్లీమీటర్ల బెజ్జం పెట్టి అందులోంచి చూస్తే ఆ మోసం పోతుంది. కంటి తెల్లగుడ్డు కూడా తెలుపు కాదనీ, పళ్ళు కూడా లేత బూడిద రంగేననీ అప్పుడు తెలుస్తుంది.

పెన్సిలు సంగతి. ఫ్రాన్సులో కోంతే 1795లో గ్రాఫైటుపొడిలో బంకమన్ను కలిపి కాల్చే పద్ధతి కనిపెట్టాడు. మన్ను ఎక్కువైతే గట్టి పెన్సిలు, హెచ్ రకం. గ్రాఫైటు ఎక్కువైతే మెత్తనిది, బి రకం. గ్రాఫైటులో కార్బను పొరలు ఒకదాని మీద ఒకటి వదులుగా ఉండి జారిపోతాయి. ఆ జారిన పొరలే కాగితం మీద మన గీత. 2హెచ్‌తో గళ్ళు, హెచ్‌బితో ఆకారం, 2బి, 4బిలతో నీడలు, 6బితో కనుపాపలు, జుట్టులో చీకటి. ఇవి చాలు. గళ్ళు ఎంత తేలికగా వేస్తే అంత మంచిది. తర్వాత చెరిపేయాల్సినవే గదా. మోచేయి కింద ఒక తెల్లకాగితం వేసుకొంటే చెమటకు బొమ్మ మాసిపోదు.

జుట్టును వెంట్రుక వెంట్రుకగా గీయకండి. ముందు మొత్తం ముద్దగా నీడ వేసి, వెలుగు పడిన చోట రబ్బరుతో తీసి, చివరలో కొద్ది వెంట్రుకలు మాత్రం చూపాలి. ముసలివారి ముడతలు కూడా గీతలు కావు, చిన్న చిన్న లోయలు. ఒక గట్టున వెలుగు, ఇంకో గట్టున నీడ. నల్లగీత గీస్తే ముడత కాదు, గాటులా ఉంటుంది. చివరగా కనుపాపలో వెలుగు చుక్క. ఫోటోలో అది ఎక్కడ ఉంటే అక్కడే, ఎంత ఉంటే అంతే వదలాలి. అది లేకపోతే చూపు ఉండదు.

ఫోటోలో లేనిది

ఇంతవరకు చెప్పింది ముప్పాతిక వంతు. ఇప్పుడు మిగిలినదానికి వస్తాను.

బొమ్మను 5 రెట్లు పెంచితే వైశాల్యం 25 రెట్లు పెరుగుతుంది. ఫోటోలోని సమాచారం మాత్రం ఒక్క చుక్క కూడా పెరగదు. కనురెప్ప అంచు చిన్న ఫోటోలో మసక అయితే, పెద్ద బొమ్మలో అది పెద్ద మసక. ఆ ఖాళీని ఎవరో ఒకరు పూరించాలి. స్టూడియోవాళ్ళు అలవాటు కొద్దీ పూరించేవారు. ఈనాటి కంప్యూటరు ప్రోగ్రాములు వేలాది ఇతరుల ముఖాల నుంచి నేర్చుకొన్నదాన్ని బట్టి ఊహించి పూరిస్తాయి. చూడటానికి తళతళలాడుతుంది. కానీ ఆ కనురెప్ప మన మనిషిది కాదు. చాలామంది మనుషుల సగటుది. అయినవారి బొమ్మలో ఆ ఖాళీని పూరించే హక్కు వాళ్ళతో బతికినవాళ్ళకే ఉందని నా అభిప్రాయం.

దీనికి మా ఇంటి సంగతే చెప్పాలి. మా నాయనమ్మ 2019లో పోయింది. తాతయ్య పటం పక్కన ఆమె పటం కూడా ఉండాలని నాన్న కోరిక. ఉన్నవి రెండే ఫోటోలు. ఒకటి 2014లో బ్యాంకు పాసుబుక్కు కోసం తీయించింది. ఫ్లాషు వెలుగు, తల మీద కొంగు, బిగుసుకుపోయిన ముఖం, బోసి నుదురు. రెండోది 1986లో మా మేనత్త పెళ్ళిలో తీసిన నలుపు తెలుపు గ్రూపు ఫోటో. అందులో నాయనమ్మ ముఖం చిటికెనవేలి గోరంత. కానీ నవ్వుతోంది, నుదుట పావలా కాసంత బొట్టు. నలుపు తెలుపు ఫోటోలో కుంకుమ నల్లచుక్కగానే పడుతుంది. తాతయ్య 1999లో పోయారు. ఆ తర్వాత ఆమెకు బొట్టు లేదు.

కొలతలకు పాసుబుక్కు ఫోటోయే ఆధారం, అందులో సందేహం లేదు. సగం బొమ్మ అయ్యాక అత్తను పిలిచి చూపించాను. చాలాసేపు చూసి, "బొట్టు పెట్టరా అబ్బాయ్" అంది. నాన్న ఒప్పుకోలేదు. "అది కాదక్కా, ఇరవై ఏళ్ళు అమ్మను బొట్టు లేకుండానే చూశాం గదా. ఇప్పుడు పెడితే అబద్ధం కాదా?" అన్నాడు. అత్త గొంతు పెంచకుండా, "అమ్మ తనంతట తాను తీసేసిందా తమ్ముడూ? నలుగురూ కూర్చోబెట్టి తీయించారు. నువ్వూ నేనూ చూస్తూ ఊరుకున్నాం" అంది. నాన్న మారుమాట్లాడకుండా చేలోకి వెళ్ళిపోయాడు.

నేను రెండు పక్షాలూ ఆలోచించాను. ఫోటో సాక్ష్యం ప్రకారం నాన్న మాట నిజం. అరవై ఎనిమిదేళ్ళ ఆ ముడతల ముఖానికి బొట్టు ఉన్న రోజు ఏదీ లేదు. అత్త మాటా నిజమే. ఆ బోసి నుదురు ఆమె కోరి తెచ్చుకొన్నది కాదు. కెమెరా నుదుటిని చూపిస్తుందే గానీ, అది ఎందుకు అలా ఉందో చెప్పదు. ఇది పెన్సిలు పట్టుకొన్నవాడు ఒంటరిగా తేల్చే విషయం కాదని, బొమ్మను అలాగే గోడవార ఆనించి ఆపేశాను. రెండు రోజుల తర్వాత పొద్దున్నే పాలు పితికి వచ్చి నాన్న బొమ్మ ముందు నిలబడి, "మీ అత్త చెప్పినట్టే పెట్టు. పెళ్ళి ఫోటోలో ఎంత ఉందో అంతే పెట్టు" అన్నాడు.

పెట్టాను. గ్రూపు ఫోటోలో కనుబొమల నుంచి బొట్టు ఎంత ఎత్తులో ఉందో, కళ్ళ మధ్య దూరంలో ఎన్నో వంతు ఉందో కొలిచి, అదే నిష్పత్తిలో పెట్టాను. ముక్కుపుడక మాట కూడా వచ్చింది. పాసుబుక్కు ఫోటోలో ముక్కు ఎడమ పక్క బెజ్జం సన్నగా కనిపిస్తోంది. అయితే పుడక ఎలా ఉండేదో ఎవరి మాటా ఎవరితో కలవలేదు. అందుకని బెజ్జమే గీశాను. పటం వెనక అట్ట మీద రాసి పెట్టాను: "ముఖం 2014 ఫోటో నుంచి. బొట్టు 1986 ఫోటో నుంచి, కూతురు కోరగా, కొడుకు ఒప్పుకోగా." మా పెదనాన్న మనవరాలు నాయనమ్మను చూడలేదు. రేపు ఆ పిల్ల పెద్దదై పటం తిప్పి చూస్తే ఏది చూసి గీసిందో, ఏది తలచుకొని గీసిందో తెలుస్తుంది.

దీన్నిబట్టి నేను పెట్టుకొన్న నియమాలు మూడు. ఫోటోలో ఉన్నదాన్ని కొలవాలి. లేనిదాన్ని అడగాలి. కలిపినదాన్ని రాసి ఉంచాలి. చెరిపేటప్పుడూ ఇదే నియమం. తాత చెంప మీది మచ్చ, అమ్మమ్మ వంకరపన్ను తీసేసి అందంగా చేద్దామని చెయ్యి ఊరుకోదు. కానీ మనవలు గుర్తుపట్టేది ఆ మచ్చతోనే, ఆ పన్నుతోనే.

ఉన్నవాళ్ళ ఫోటోలు ఇప్పుడే

పోయినవాళ్ళ ఫోటోలు మన చేతిలో లేవు. ఉన్నవాళ్ళవి ఉన్నాయి. ఇవాళ ప్రతివారి జేబులోనూ కెమెరా ఉంది గానీ, చేయి చాచి దగ్గరగా తీస్తున్నాం. ముక్కు కొనకూ చెవికీ మధ్య సుమారు 10 సెంటీమీటర్ల లోతు ఉంటుంది. కెమెరా ముక్కుకు 40 సెంటీమీటర్లలో ఉంటే చెవి 50 సెంటీమీటర్లలో ఉంటుంది. అంటే చెవితో పోలిస్తే ముక్కు 25 శాతం పెద్దగా పడుతుంది. అదే 2 మీటర్ల దూరం నుంచి తీస్తే తేడా 5 శాతమే. అందుచేత రెండు మీటర్లు వెనక్కి జరిగి, కావాలంటే జూమ్ చేసి తీయండి. ఫోను దానంతటదే చర్మాన్ని నున్నగా చేసే సదుపాయం ఉంటే ఆపేయండి. ముడతలు పోతే మనిషి పోయినట్టే. ఫ్లాషు వద్దు. పొద్దున పూట తలుపు పక్కన గానీ, వసారాలో గానీ, వెలుగు ఒక పక్క నుంచి పడేట్టు కూర్చోబెట్టండి.

ఫోటో తీసేముందు "కదలకు" అనకండి. ఏదో ఒక మాట అడగండి. పెళ్ళినాటి సంగతో, ఫలానా ఏడాది వచ్చిన గాలివాన సంగతో. చెబుతూ చెబుతూ ముఖం తనంతట తాను వదులవుతుంది. అప్పుడు నొక్కండి. ప్రింటు ఒకటి వేయించి, వెనక పేరూ తేదీ రాసి, ఎండ తగలని చోట దాచండి. రంగు ప్రింట్లలోని అద్దకాలు ఏళ్ళు గడిచేకొద్దీ వెలిసిపోతాయి. 1970లలో, 80లలో తీసిన రంగు ఫోటోలు చాలా ఇళ్ళల్లో ఇప్పటికే ఎర్రబారాయి.

మన కాలేజీలో పల్లెల నుంచి వచ్చి చదువుకొంటున్నవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఈ సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు, ఇంట్లో అందరికన్నా పెద్దవారి ఫోటో ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. ఒక్కటే ఉంటే, అదీ ఏ కార్డు కోసమో తీసిందైతే, వాళ్ళు వాకిట్లో కూర్చొని ఉండగానే ఇంకొకటి తీయండి. గీయడం ఎప్పుడైనా నేర్చుకోవచ్చు.

— బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి